పది రెట్ల చిన్న భూతద్దం: ఒడ్డునల్లి కోసం కొన్నాను, ఏం చూపించిందంటే

ముందే చెప్పేస్తాను, ఈ లెన్స్ కొన్నది ఒకే ఒక్క పురుగు మీద పంతంతో, నేను ఒడ్డునల్లి అని పిలుచుకునేది. నీటి ఒడ్డున తడి మట్టి మీద కూర్చుని ఉంటుంది, మనం ఒక్క అడుగు వేయగానే గెంతిందో ఎగిరిందో తెలియకుండా కాస్త అవతల వాలి మళ్ళీ మట్టి రంగులో కలిసిపోతుంది. ఫోటో తీసి, పురుగుల్ని గుర్తుపట్టే ఒక యాప్‌కి ఇస్తే మొదటిసారి పెంకు పురుగు అంది, రెండోసారి దీపపు పురుగు అంది, మూడోసారి ఏకంగా ఈగ అంది. దాని తప్పేం లేదులెండి, నా ఫోటోలో ఉన్నది అయిదు మిల్లీమీటర్ల నల్ల మచ్చ.

నిజానికి ఇది నేను కొన్న రెండో లెన్స్. మొదటిది 30ఎక్స్ అని చెక్కిన పెద్ద అద్దం, చూడ్డానికి భలే ఉంది, తీరా పెట్టి చూస్తే బెత్తెడు దూరంలో గానీ స్పష్టంగా కనిపించదు. లెక్క చాలా తేలిక, 250ని రెట్లతో భాగిస్తే వస్తువుకీ లెన్స్‌కీ మధ్య ఉండాల్సిన దూరం మిల్లీమీటర్లలో ఇంచుమించుగా వచ్చేస్తుంది. పది రెట్లకి 25, ముప్పై రెట్లకి 8. బెత్తెడు దూరం అంటే నాకు అంటగట్టింది మూడు రెట్ల అద్దం. పెద్ద గాజు, పెద్ద నంబరు రెండూ ఒకే లెన్స్ మీద కనిపిస్తే అనుమానించండి.

ఇప్పటిది 10ఎక్స్ ట్రిప్లెట్, అంటే మూడు గాజులు అతికించి చేసింది. బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది, మడిస్తే జేబులో పడుతుంది. అంచుల్లో ఆ ఊదా, పసుపు రంగుల చారలు రావు, గీత గీతలాగే ఉంటుంది. మొదటి రోజు పేపర్ చదివినట్టు దూరంగా పట్టుకుని చూసి డబ్బులు దండగ అనుకున్నాను. అలా కాదు, లెన్స్‌ని కంటికి ఆనించాలి, పురుగునే లెన్స్ దగ్గరికి తేవాలి. కళ్ళజోడు ఉంటే దానికి ఆనిస్తే సరిపోతుంది.

పురుగుని పట్టడమే ఒక పెద్ద పని, అదంతా వదిలేద్దాం. గాజు గొట్టంలో వేసి కొద్ది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే మందగిస్తుంది, అప్పుడు చూడాలి. మొదట కనిపించేవి కళ్ళు, తలకంటే కళ్ళే ఎక్కువ అన్నట్టు పక్కలకి పొడుచుకొచ్చి, లోపలి అంచు నొక్కుపడి ఉంటాయి. తిప్పి చూస్తే తల కింద నుంచి వెనక్కి మడిచిపెట్టిన పొడుగాటి సూది నోరు, వెనక కాళ్ళ మొదళ్ళ దాకా. దాంతో పెంకు పురుగు కాదని తేలిపోయింది, వాటికి కొరికే దవడలు ఉంటాయి. దీపపు పురుగుకీ సూది నోరే, కానీ దాని ముందు రెక్క మొదలు నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉంటుంది. దీనికి సగం దాకా తోలులా మందం, అక్కడి నుంచి పల్చటి పొర. నల్లుల వర్గానికి హెటిరాప్టెరా అనే పేరే అందులోంచి వచ్చింది, ఒకే రెక్కలో రెండు రకాలు.

ఇక అసలు సంగతి ఆ పల్చటి పొరలోనే ఉంది. మీ నాలుగు వేళ్ళూ దగ్గరగా చేర్చి చూడండి, పొర మీద ఈనెలు అచ్చం అలాగే పక్కపక్కన పొడుగాటి గదులు కడతాయి, అన్ని వైపులా మూసుకుపోయి. నాలుగు లెక్కపెట్టాను. అయిదు కూడా ఉండొచ్చు. ఈ గదులు కనిపించాక సాల్డిడే, అంటే ఒడ్డునల్లుల కుటుంబం అనడానికి ఇక టెన్షన్ అక్కర్లేదు. దీన్ని పోలి ఒడ్డునే తిరిగే టోడ్ బగ్ కూడా గెంతుతుంది, కానీ అది మీసాల్ని కళ్ళ కింద దాచుకుంటుంది, ముందు కాళ్ళు లావుగా ఎరని పట్టుకునేలా ఉంటాయి. నా దానికి మీసాలు బాగా పొడుగు, బయటికే ఉన్నాయి.

నేను దీన్ని ఒడ్డునల్లి అంటున్నాను, వేళాకోళానికి కాదు. మంచం నల్లికి ఇది నిజంగానే దూరపు చుట్టం. 1758లో జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఈ రకం పురుగుల్లో ఒకదాన్ని మంచం నల్లి ఉన్న సైమెక్స్ ప్రజాతిలోనే వేసి సాల్టటోరియస్, అంటే గెంతేది, అని పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్ని సాల్డులా సాల్టటోరియా అంటున్నారు. 1843లో వీటికి వేరే కుటుంబం ఏర్పడింది. ఉండే చోటుని బట్టి సర్దితే ఇది నీటిదా నేలదా అని తల పట్టుకోవాల్సిందే, అందుకే రెక్క, నోరు, మీసం చూసి సర్దడం నాకు నచ్చింది. హెటిరాప్టెరాలో నలభై వేలకు పైగా జాతులున్నాయి, వాటిని ఏడు శాఖలు చేశారు. నీళ్ళ మీద నడిచేవి ఒక శాఖ, నీటి తేళ్ళు అనే పురుగులు, టోడ్ బగ్‌లు ఇంకోటి, మంచం నల్లిది ఒకటి, కంపు నల్లులది ఒకటి, మట్టిలో, ఆకుచెత్తలో తిరిగే బుల్లి పురుగులవి రెండు. ఒడ్డునల్లిది లెప్టోపొడోమార్ఫా, 1971లో పొపోవ్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు. నీటి దగ్గరే ఉంటుంది కాబట్టి నీటి తేళ్ళకి దగ్గరనుకున్నాను, చాలా విశ్లేషణల్లో మాత్రం మంచం నల్లి, కంపు నల్లి ఉన్న వైపే దగ్గర చుట్టరికం తేలింది.

ఆ శాఖలో సుమారు 350 జాతులతో సాల్డిడేదే పెద్ద కుటుంబం. మిగతావి మూడు, వాటిలో ఒకదానికి యూరప్ అట్లాంటిక్ తీరంలో రాతి పగుళ్ళలో ఉండే ఒకే ఒక్క జాతి మిగిలింది, ఏపోఫిలస్ బొన్నైరై. దానికి రెక్కలు మొండివి, గదులు లెక్కపెట్టే నా కిటుకు అక్కడ పనికిరాదు. మామూలు ఒడ్డునల్లుల్లో కూడా పొట్టి రెక్కలవి ఉంటాయి, కాబట్టి గదులు కనిపించలేదని లెన్స్‌ని తిట్టకండి.

జాతి పేరు దాకా వెళ్ళాలంటే ఈ లెన్స్ చాలదు. సాల్డులా ప్రజాతిలో రెక్కల మీద మచ్చలు ఒకే జాతిలోనే మారిపోతుంటాయి, మగపురుగు జననాంగాలు చూడాల్సి వస్తుంది, అది మైక్రోస్కోప్ పని. 20ఎక్స్ కొంటే తీరుతుందా అని ఒక స్నేహితుడిది తీసుకుని చూశాను. పన్నెండు మిల్లీమీటర్ల దూరానికి పురుగుని తెస్తే నా తల నీడే దాని మీద పడుతోంది, ఒకసారికి కన్ను ఒక్కటే కనిపిస్తుంది. పది చాలు.

ఫిర్యాదులు రెండు. తొడుగు మెరిసే లోహం, ఎండలో కంట్లో కొడుతుంది, నల్లరంగుది ఉంటే అదే తీసుకోండి. రెండోది మడత దగ్గరి స్క్రూ, రెండు వారాలకే వదులైంది, సరిగ్గా పొర చూస్తుండగా లెన్స్ వాలిపోయింది, పట్టుకునేలోపు గొట్టం మూత ఊడింది, చలి వదిలిన నా పురుగు ఎక్కడికి గెంతిందో కూడా చూడలేదు. ఒక స్టార్ అందుకే తగ్గించాను.