బరువు తగ్గించే మందులకు పురుగు పరీక్ష: వరంగల్ ల్యాబుల్లో ఎంతవరకు పనికొస్తుంది?

ఎలుకలు తెచ్చి, జంతు నైతిక సంఘం అనుమతి తీసుకుని, నెలల తరబడి మేపే వీలు హనుమకొండ, వరంగల్ ఫార్మసీ కాలేజీలన్నింటికీ ఉండదు. అలాంటి చోట బరువు తగ్గించే మందులో విషం ఉందా అని చూడటానికి సీ. ఎలిగాన్స్ అనే గుండ్రటి పురుగు నిజంగా అక్కరకొస్తుంది. పొడవు ఒక్క మిల్లీమీటరు, ఒళ్లంతా పారదర్శకం, 20 డిగ్రీల దగ్గర మూడున్నర రోజుల్లో గుడ్డు నుంచి గుడ్లు పెట్టే దశకు చేరుతుంది. తొలి జల్లెడగా ఈ పరీక్షకు ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాం. మందు మంచిదని సర్టిఫికెట్ ఇవ్వడానికి మాత్రం వాడొద్దు.

డబ్బు పెట్టాల్సింది ముందు బీఓడీ ఇంక్యుబేటర్ (ఒకే ఉష్ణోగ్రత నిలిపే పెట్టె) మీద. ఏసీ గదిని నమ్ముకోవద్దు. మే నెలలో కరెంటు పోయి లోపల 27 డిగ్రీలు దాటిందంటే పురుగులకు సంతానం ఆగిపోతుంది, ఆ తప్పు మందు మీద పడుతుంది. జనరేటర్ లైనుకు కలిపి, లోపల కనిష్ఠ-గరిష్ఠ థర్మామీటరు పెట్టండి. వానాకాలంలో పెద్ద బెడద బూజు.

పురుగులను పెంచే జెల్లీ, అంటే ఎన్‌జీఎం అగర్‌కు లీటరుకు ఉప్పు 3 గ్రాములు, పెప్టోన్ 2.5, అగర్ 17. ఆటోక్లేవ్ చేసి (ఆవిరి ఒత్తిడితో క్రిములు చంపి) 55 డిగ్రీలకు చల్లారాకే కొలెస్ట్రాల్, కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్ బఫర్ కలపాలి. కొలెస్ట్రాల్‌ను ఈ పురుగు సొంతంగా తయారు చేసుకోలేదు. అది మరిచిపోతే తరువాతి తరం ఎదగదు.

ఒకే వయసు పురుగుల కోసం గుడ్లున్న తల్లులను బ్లీచ్, సోడియం హైడ్రాక్సైడ్‌తో కరిగిస్తాం. గడియారం కాదు, మైక్రోస్కోపు చూస్తూ చేయండి: ఒళ్లు విరిగిన వెంటనే ఎం9 అనే ఉప్పు ద్రావణంతో మూడుసార్లు కడగాలి. ఆలస్యమైతే గుడ్లూ చస్తాయి. పిల్లలు ఎల్4 దశకు (పెద్దవి కావడానికి ముందున్న చివరి దశ) వచ్చాక 24 గుంటల ప్లేటులో గుంటకు 20 చొప్పున, మోతాదుకు మూడు గుంటలు. 24 గంటల తర్వాత ప్లాటినం తీగతో తాకితే కదలనివే చచ్చినట్టు లెక్క. మందు లేని గుంటల్లోనే పదింట ఒకటికి మించి చస్తే ఆ రోజు ప్లేటు పారేయండి.

కొవ్వు ఒంటికి పట్టకుండా ఆపే మందు ఆర్లిస్టాట్ నీళ్లలో కరగదు. దాన్ని కరిగించే ద్రావకం డీఎంఎస్‌ఓ 0.5 శాతం దాటనీయకుండా, అంతే మోతాదు కంట్రోల్‌లోనూ (మందు లేని గుంటల్లోనూ) వేయాలి. అడుగున తెల్లగా పేరుకుంటే ఆ మోతాదు లెక్కకు రాదు. 120 మిల్లీగ్రాముల క్యాప్సూల్ విప్పి పోయకండి, అందులోని పూరక పదార్థాలు కూడా ప్లేటులోకి వస్తాయి. శుద్ధమైన మందే వాడాలి.

అసలు చిక్కు ఆకలి దగ్గర. మందు వల్ల తిండి తగ్గినా పురుగు సన్నబడుతుంది, గుడ్లు తగ్గుతాయి. చూస్తే విషమే అనిపిస్తుంది. అందుకే గొంతు కొట్టుకోవడం లెక్కపెట్టాలి: తిండి మీద ఉన్న పురుగుకు నిమిషానికి రెండు వందల పైనే. ఈ పురుగుల తిండి బ్యాక్టీరియానే, కాబట్టి పలుచన బ్యాక్టీరియా మీద మందు లేకుండా పెంచిన గుంపును పక్కన పెట్టి పోల్చండి. మందు బ్యాక్టీరియానే చంపుతోందా అన్నదీ చూడాలి, ముందే వేడితో చంపిన ఓపీ50 (పురుగులకు మామూలుగా వేసే ఈ. కోలై బ్యాక్టీరియా) మేత ఈ అనుమానం తీరుస్తుంది. ఇంకొకటి: మెదడు రసాయనం సెరటోనిన్ మనిషికి ఆకలి తగ్గిస్తుంది, ఈ పురుగులో గొంతు వేగం పెంచుతుంది. కాబట్టి సెరటోనిన్ ద్వారా ఆకలి తగ్గించే సిబుట్రమిన్ లాంటి మందు ఆకలి ఫలితాన్ని మనిషికి అన్వయించొద్దు.

కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీసే డైనైట్రోఫినాల్ లాంటి వాటిని పట్టడంలో ఈ పరీక్ష బలమైంది. కానీ కొన్ని హానులు ఇందులో కనిపించవు. ఫెన్‌ఫ్లూరమిన్ అనే బరువు మందు 1997లో గుండె కవాటాల దెబ్బ వల్ల పోయింది. పురుగుకు గుండె లేదు, కాలేయమూ లేదు. క్యాన్సర్ భయంతో 2020లో వెనక్కి తీసుకున్న లోర్కాసెరిన్ విషయంలోనూ అంతే: ఎదిగిన పురుగు శరీరంలోని 959 కణాలు ఇక విభజన చెందవు, అందుకే క్యాన్సర్ ముప్పు ఇందులో తెలియదు. సెమాగ్లూటైడ్ అనే ఇంజెక్షన్ మందు పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ లాంటిది), పురుగు పైపొర దాటి లోపలికి పోవడం కష్టం.

మూలికల పొడి అని అమ్మేవాటికి మాత్రం ఈ పరీక్ష తప్పక పెట్టండి. పురుగులను చంపిన పొడిని వెంటనే హెచ్‌పీఎల్‌సీకి (రసాయనాలను విడదీసి గుర్తించే పరీక్ష) పంపి, మన దేశంలో 2011లో నిషేధించిన సిబుట్రమిన్ కోసం ముందుగా వెతికించండి.