ఎత్తబడుట పటం కొన్నాను: రంగులు బాగున్నాయి, బాణం దగ్గరే పేచీ

పోయిన నెల హన్మకొండలో ఒక క్రైస్తవ పుస్తకాల షాపులో రెండవ రాకడ, అంటే క్రీస్తు మళ్ళీ రావడం గురించిన పటం కొన్నాను. ఆరడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్స్, దాంతోపాటు 64 పేజీల చిన్న పుస్తకం, రెండూ కలిపి 450 రూపాయలు. షాపు పేరు, వేసినవాళ్ళ పేరు రాయను, నా పేచీ అంతా పటంలో ఉన్న విషయంతోనే. మాది కాజీపేట, చర్చిలో సండే స్కూల్ చెప్తాను, ఎనిమిది తొమ్మిది తరగతుల పిల్లలు పద్నాలుగు మంది ఉంటారు. ఎక్కడ యుద్ధం మొదలైనా, ఎక్కడ భూకంపం వచ్చినా ఫోన్లో ఏదో వీడియో చూసి వచ్చి "అన్నా, ఎత్తబడుడు ఈ యేడేనట కదా" అని అడుగుతుంటారు. ఎత్తబడుడు అంటే నమ్మినవాళ్ళు ప్రభువు దగ్గరికి మేఘాల్లోకి తీసుకుపోబడటం. ఊరికే నోటితో చెప్పే కన్నా గోడకు ఒక పటం ఉంటే నయం అనుకుని కొన్నాను.

ముందు వస్తువు సంగతి. ప్రింటు నిజంగా బాగుంది, వెనక బెంచీ నుంచి కూడా పెద్ద అక్షరాలు కనబడుతున్నాయి. బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలోని ఏడు ముద్రలు, ఏడు బూరలు, ఏడు పాత్రలు మాత్రం, అంటే మొత్తం 21 తీర్పులు, ఒక జానెడు జాగాలో కుక్కారు, దగ్గరికి పోయి చూసినా చదవలేం. మూలల్లో పెట్టిన నాలుగు రింగుల్లో ఒకటి రెండో ఆదివారానికే ఊడింది. అదే గ్రంథంలోని నాలుగు గుర్రాల్లో నాలుగోదాన్ని లేత ఆకుపచ్చలో వేస్తే ప్రింటింగ్ తప్పేమో అనుకున్నాను, మన బైబిల్లో పాండుర వర్ణం అని ఉంటుంది కదా. తర్వాత చూస్తే గ్రీకులో అక్కడున్న మాట క్లోరోస్, దానికి లేత పచ్చ అనే అర్థమూ ఉంది, అంటే బొమ్మ వేసినాయన చదువుకునే వేశాడు. మార్కులు వేయాల్సిన చోట వేయాలి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, పటం ఎడమ నుంచి కుడికి పోతుంది. సిలువ, తర్వాత సంఘ కాలం, అక్కడ మేఘంలోకి ఒక పెద్ద పసుపు బాణం, అదే సంఘం ఎత్తబడుట. దాని కింద భూమి మీద ఏడేండ్ల శ్రమలు, క్రీస్తు విరోధి అనే పాలకుడు, అతను సగంలో ఒప్పందం తప్పడం, చివర హార్‌మెగిద్దోను యుద్ధం, క్రీస్తు బహిరంగంగా దిగి రావడం, వెయ్యేండ్ల పరిపాలన, ధవళ సింహాసన తీర్పు, కొత్త ఆకాశం కొత్త భూమి. ఏడేండ్ల లెక్క దానియేలు తొమ్మిదో అధ్యాయంలోని డెబ్బై వారాల నుంచి తీస్తారు. వారానికి ఏడేండ్లు, 69 వారాలకు 483 ఏండ్లు, అక్కడ గడియారం ఆగింది, మిగిలిన ఒక్క వారం చివర్లో వస్తుంది అని. ఆ చివరి వారంలో సగమే ప్రకటన గ్రంథంలోని 42 నెలలు, 1260 దినాలు. నెలకు 30 రోజులేసుకుంటే లెక్క సరిగ్గా కుదురుతుంది. మా బాపు లోకోషెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు, కళ్ళద్దాలు పెట్టుకుని పటమంతా చూసి "ఇది వాక్యం లెక్క లేదురా, రైల్వే టైంటేబుల్ లెక్క ఉంది" అన్నాడు.

ఆయన మాటలో నిజం ఉంది, ఇలాంటి పటాలకు పేరు తెచ్చిన అమెరికా పాస్టరు క్లారెన్స్ లార్కిన్ సేవలోకి రాకముందు ఇంజినీరింగ్ డ్రాయింగులు గీసినాయనే, ఆయన పటాల పెద్ద పుస్తకం 1918లో వచ్చింది. అంతకు ముందు 1909లో స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్ ఇదే బోధను పేజీల అడుగున నోట్సుగా ఇంటింటికీ చేర్చింది. దానికీ ముందు, 1830ల్లో, బ్రదరెన్ అనే క్రైస్తవ గుంపులోని జాన్ నెల్సన్ డార్బీ, శ్రమలకు ముందే సంఘం ఎత్తబడుతుంది అనే వరసను ఇప్పుడు మనం వినే రూపంలో బోధించాడు. మన తెలుగు నేలకు ఆ బ్రదరెన్ వాళ్ళు తొందరగానే వచ్చారు, 1836లో గ్రోవ్స్ అనే మిషనరీ వెంట వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు గోదావరి డెల్టాలో నర్సాపురం వైపు పని మొదలుపెట్టాయి. 64 పేజీల పుస్తకంలో ఇందులో ఒక్క ముక్క లేదు! అపొస్తలుల కాలం నుంచి అందరూ ఇదే పటం గోడకు తగిలించుకున్నట్టు రాశారు.

అందరూ ఇలా నమ్మరు కదా. మా ఇంటికి దగ్గర్లోనే ఫాతిమానగర్ క్యాథలిక్ వాళ్ళు ఉన్నారు, డోర్నకల్ వైపు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళు ఉన్నారు, సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి క్రీస్తు వస్తాడని వాళ్ళ విశ్వాస ప్రమాణంలోనూ ఉంది, కానీ రాకడను ఇలా రెండు దఫాలుగా విడదీసి చెప్పడం వాళ్ళ బోధ కాదు. ఏడేండ్ల వరసను ఒప్పుకున్నవాళ్ళలో కూడా శ్రమలకు ముందు, మధ్యలో, తర్వాత అని మూడు పక్షాలున్నాయి. కాజీపేట జంక్షన్ నుంచి సికింద్రాబాద్ వైపు, బల్లార్షా వైపు, విజయవాడ వైపు మూడు లైన్లు పోతాయి, ఈ పటం వేసినాయన ఒక్కటే లైను గీసి స్టేషన్ ఇంతే అన్నాడు.

ఇంకో సంగతి. పుస్తకం 41వ పేజీలో బార్‌కోడే మృగము ముద్ర (చివరి రోజుల్లో మనుషుల మీద వేస్తారని చెప్పే గుర్తు) కావచ్చని రాశారు, తిప్పి చూస్తే వెనక అట్ట మీద బార్‌కోడ్. నేను డబ్బులు కట్టింది కూడా క్యూఆర్ కోడ్ స్కాన్ చేసే. ప్రకటన 13లో ముద్ర కుడిచేతి మీదనో నొసటి మీదనో వేస్తారని ఉంది, పుస్తకం అట్ట మీద అని లేదు.

పుస్తకంలో మెచ్చుకోవాల్సింది, ఎక్కడా తేదీ చెప్పలేదు. విలియం మిల్లర్ లెక్కలు నమ్మి అమెరికాలో వేలమంది 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని ఎదురుచూసి ఏడ్చుకుంటూ ఇళ్ళకు పోయారు. ఇజ్రాయెల్ ఏర్పడిన 1948కి నలభై కలిపి ఎత్తబడుట 1988లో అన్నాడు ఎడ్గర్ విజ్నాంట్. హెరాల్డ్ క్యాంపింగ్ చెప్పిన 2011 మే 21 నాకే గుర్తుంది. ఆ దినం, ఆ గడియ తండ్రికే తెలుసని మత్తయి 24లో యేసే చెప్పాక ఇంకా క్యాలెండర్ పట్టుకునేవాళ్ళకు దండం.

ఇప్పుడు ఆ పసుపు బాణం సంగతి. దాని పక్కన విడవబడినవాళ్ళ బొమ్మలు వేశారు, ఖాళీ మంచం, డ్రైవర్ లేని బస్సు, ఏడుస్తున్న ఒక చిన్న పిల్ల. ఆ పిల్ల బొమ్మ నాకు నచ్చలేదు, కోపమే వచ్చింది. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు బడి నుంచి వస్తే ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది, స్టవ్ మీద పాలు పొంగి కారుతున్నాయి, అమ్మ లేదు, పిలిస్తే పలకలేదు. అంతకు ముందు వారమే సభల్లో పొలంలో ఇద్దరుంటే ఒకరు తీసుకుపోబడతారనే మాట మీద రెండు గంటల ప్రసంగం విన్నాను. అయిపోయింది, అమ్మ పోయింది, నేను మిగిలాను అనుకుని చెప్పులు లేకుండా పాస్టరయ్య ఇంటికి ఉరికాను, ఆయన ఉంటే ఇంకా కానట్టు లెక్క. ఆయన లుంగీ మీద కూర్చుని పేపర్ చదువుతున్నాడు. (పెద్దయ్యాక ఈ కథ చెప్తే, నేనుంటే కానట్టేనని అంత నమ్మకమేందిరా అని నవ్వాడు.) అమ్మ పక్కింట్లో నల్లా నీళ్ళ కోసం నిలబడి ఉంది. ఆ రాత్రి నాకు జ్వరం. ఇలాంటి కథ మా చర్చిలో నలుగురిని అడిగితే ఇద్దరి దగ్గర ఉంటుంది.

అందుకే పటం తగిలించిన రోజు బాణం కింద రాసిన వచనం పిల్లలతో చదివించాను, 1 థెస్సలొనీక 4:17. పెద్దక్షరాల్లో ఎత్తబడుట అని రాశారు కానీ మన బైబిల్లో ఆ వచనంలో ఉన్న మాట కొనిపోబడుదుము. దేనికి కొనిపోబడతామంటే, ప్రభువును ఎదుర్కొనుటకు. అది చదివిన పిల్లగాడు ఆగి "ప్రభువుతో కొట్లాటనా అన్నా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కానీ వాడి తప్పు లేదు, ఇప్పుడు మనం సమస్యలనూ కేసులనూ మాత్రమే ఎదుర్కొంటున్నాం. మూల నుంచి ఒక అమ్మాయి "కాదురా, ఎదురుకోళ్ళు" అంది. పెళ్ళిలో మగపెళ్ళివారు ఊరి పొలిమేరకు వచ్చారంటే ఆడపెళ్ళివారు డప్పులతో, షర్బత్తుతో ఎదురుపోతారు, భద్రాచలంలో రాముడి కల్యాణానికి కూడా ముందురోజు ఎదురుకోలు ఉంటుంది. పొలిమేర దాకా పోయినవాళ్ళు అక్కడి నుంచి పెళ్ళికొడుకుతో కలిసి అటే పోరు కదా, ఆయన్ని వెంటపెట్టుకుని ఊళ్ళోకి వస్తారు.

గ్రీకులో ఉన్న అపాంతేసిస్ అనే మాటను ఇలాగే చదివే పండితులు చాలామంది ఉన్నారు. పదిమంది కన్యకల కథలో పెండ్లికుమారుణ్ణి ఎదుర్కొన రండి అని అర్ధరాత్రి కేక వినబడిన చోట కూడా ఆ కుటుంబపు మాటే. అపొస్తలుల కార్యాలు 28లో రోమా సహోదరులు పౌలుకు ఎదురొచ్చి ఆయన్ని రోమాకే తోడుకొని పోతారు, అక్కడా అదే మాట. పైకి పోయి అక్కడే ఉంటామనేవాళ్ళకూ జవాబు ఉంది, యోహాను 14లో తండ్రి ఇంట్లో స్థలం సిద్ధపరచి మిమ్మల్ని తీసుకుపోతానన్నాడు కదా అంటారు, అది తేలికగా కొట్టేసే మాట కాదు. కానీ పటంలో మాత్రం బాణం పైకి పోయి అక్కడే ఆగింది, ఆయన వస్తున్నది ఎక్కడికి అనేది కుడిచివర దాకా పోతే గాని కనబడదు.

అసలు కొరత ఇంకొకటి. పౌలు ఆ ఉత్తరం రాసింది సుమారు క్రీ.శ. 50 ప్రాంతంలో, చనిపోయిన తమవాళ్ళు రాకడ చూడకుండానే పోయారే అని దుఃఖపడుతున్నవాళ్ళకు. అందుకే ముందు లేచేది మృతులే, 18వ వచనంలో ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకొనుడి అని ముగించాడు. పటంలో 17 దగ్గరే ఆపేశారు, 18కి జాగా లేదు, ఏడ్చే పిల్లకు ఉంది.

పటంలో ఏడ్చే ఆ పిల్ల బొమ్మ మీద తెల్ల చార్టు ముక్క అంటించి 18వ వచనం రాశాను, స్కెచ్ పెన్నుతో, నా చేతిరాత అంతంతే. ఊడిన రింగు బస్టాండు దగ్గర చెప్పులు కుట్టేటాయన పది రూపాయలకు బిగించాడు, ఇప్పుడు గట్టిగా ఉంది. ఐదుకు మూడు స్టార్లు, ఒకటి ఆ ఆకుపచ్చ గుర్రానికి. పటం ఒక్కటే కొంటే 300, పుస్తకం లేకుండా తీసుకోండి.