పళవేర్కాడు: డచ్చివాళ్ళ సమాధులు, మా 1,400 రూపాయలు

పళవేర్కాడు పోయొచ్చి నాలుగు రోజులైంది. మా మామగారు మాత్రం ఇంకా సరిహద్దు దగ్గరే ఆగిపోయున్నారు. పొద్దున కాఫీ తాగేటప్పుడు ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, "ఆ పద్నాలుగు వందల సంగతేమైంది అబ్బయా?" అంటారు. ఆయన అడగడం మానేలోపు రాసేయాలని కూర్చున్నా.

పులికాట్ సరస్సు అంటే మన నెల్లూరోళ్ళకి సూళ్లూరుపేట, అటకానితిప్ప, శ్రీహరికోట రోడ్డు, శీతాకాలంలో రాజహంసలు. అంతే. సరస్సులో ఎక్కువ భాగం మన వైపే ఉంది కానీ, దానికి పేరిచ్చిన ఊరు పళవేర్కాడు దక్షిణపు కొసన తమిళనాడులో ఉంది. పాత తెలుగు పేరు ప్రళయకావేరి. ఆరణి నది వచ్చి సరస్సులో కలిసేది ఆ దగ్గర్లోనే. నాలుగు వందల ఏళ్ళ కింద డచ్చివాళ్ళు కోట కట్టుకుని తిష్ఠ వేసిన ఊరు. మా మామగారు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. కనీసం పదేళ్ళుగా పోదాం పోదాం అంటున్నారు. 2022లో జిల్లాలు విడగొట్టి సూళ్లూరుపేటని తిరుపతి జిల్లాలో కలిపినందుకే ఇంకా అలిగున్న మనిషికి ఇక పళవేర్కాడు సంగతి చెప్పాలా?

మొన్న ఆదివారం నేను, మా ఆవిడ, ఎనిమిదో తరగతి చదివే పాప, మామగారు బయల్దేరాం. కారు కిరాయికి మాట్లాడా. 5,200. టోలు, డీజిలు, డ్రైవరు బత్తా, "అన్నీ కలిపే సార్, ఇంక మీరు జేబులో చెయ్యి పెట్టే పని లేదు" అన్నాడు ట్రావెల్స్ ఆయన. ఐదున్నరకి ఎక్కాం. నాయుడుపేటలో టిఫిన్లు 340. దోసెలో కారం సరిగా లేదని మా ఆవిడ అంది, నిజమే. తడ దాటేదాకా చెప్పుకోవడానికేం లేదు.

తమిళనాడులోకి రాగానే డ్రైవరు బండి పక్కకి తీసి, "సార్, పర్మిట్టు కట్టాలి, 1,400 ఇవ్వండి" అన్నాడు. అన్నీ కలిపే అన్నాడు కదా మీ ఓనరు అంటే, "రాష్ట్రం లోపల ఖర్చులన్నీ కలిపి సార్, పక్క రాష్ట్రం పర్మిట్టు పార్టీదే" అన్నాడు. ఓనరుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆదివారం, ఏడున్నర, వెనక సీట్లో పాప "ఇంకెంతసేపు" అంటోంది. ఇచ్చేశా. డ్రైవరు ఒక కొట్టు వైపు పోయి ఐదు నిమిషాల్లో వచ్చాడు. మామగారు రసీదు అడిగితే "ఆన్‌లైన్ సార్, ఫోన్లో ఉంటది" అన్నాడు. అక్కడి నుంచి గుమ్మిడిపూండి, పొన్నేరి మీదుగా పళవేర్కాడు చేరేదాకా మామగారు ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకి కోపమొస్తే కిటికీ వైపు తిరుగుతారు, అదే గుర్తు.

ఊరు చూస్తే మొదట నీరసం వస్తుంది, ముందే చెప్తున్నా. కోట కోట అని పోతే అక్కడ కోట లేదు. 1613లో డచ్చివాళ్ళు కట్టుకున్న గెల్డ్రియా కోట ఇప్పుడు తుమ్మ పొదలు, ఇటుకల దిబ్బలు, చుట్టూ పాత కందకం. మా పాప "ఇదేనా?" అంది. అదే. 1690లో నాగపట్నానికి మార్చేదాకా కోరమండల్ తీరమంతటికీ డచ్చి కంపెనీ రాజధాని ఇదే. మన వైపు నేసిన, అద్దిన గుడ్డలు ఇక్కడి నుంచే ఓడలెక్కాయి. ఇక్కడి నుంచే మనుషుల్ని కూడా బానిసలుగా బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, ఎక్కించారు. ఇది చెప్పేటప్పుడు మామగారు కిటికీ అలక మర్చిపోయి మళ్ళీ మాస్టారయ్యారు.

కోట పోయినా సమాధుల తోట ఉంది. ఆ ఒక్కదాని కోసమైనా పోవచ్చు. గేటుకి అటొకటి ఇటొకటి రాతి అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. ద్వారపాలకుల్లాగా! మన గుళ్ళో జయవిజయులున్న చోట వాళ్ళు ఎముకల్ని నిలబెట్టారు. మా పాప భయపడుతుందనుకున్నా, ఫోన్ లాక్కుని ఇరవై ఫోటోలు తీసింది. లోపల నేల మీద పరిచిన పెద్ద నల్లరాతి పలకలు, వాటి మీద వంశాల ముద్రలు, డచ్చి అక్షరాలు. అంత సన్నటి చెక్కుడు ఉప్పుగాలికి ఇన్నేళ్ళు నిలబడిందంటే నమ్మబుద్ధి కాదు. మధ్యలో సూదిమొన స్తంభాలు, గుమ్మటాలు. గంట సేపు ఉన్నాం, మరో మనిషి రాలేదు.

అక్కడ వేపచెట్టు కింద కూర్చుని మామగారు చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. డచ్చివాళ్ళతో ఇక్కడ పొసగక ఇంగ్లీషోళ్ళు ఉత్తరంగా మన దుగరాజపట్నం పోయి 1626లో కొట్టు పెట్టుకున్నారు. వాళ్ళు దాన్ని ఆర్మగాన్ అన్నారు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో అక్కడి పాలకులు దామెర్ల నాయకుల దగ్గర సముద్రపొడ్డున స్థలం సంపాదించాడు, అదే మద్రాసు. "అంటే పట్నానికి పునాది నెల్లూరు సీమలో పడిందనమాట" అని ఆయన ముగింపు. మా ఆవిడ పక్కన "ఇప్పుడు అది కూడా తిరుపతి జిల్లానే నాన్నా" అంది. అనకుండా ఉండాల్సింది.

సరస్సు ఒడ్డుకి పోతే బోట్లవాళ్ళు చుట్టుముడతారు. గుసగుసగా "బోటు సార్, వెయ్యి రూపాయలు, ముఖద్వారం చూపిస్తాం". ఎక్కొద్దు. 2011 క్రిస్మస్ రోజు ఇక్కడే పడవ తిరగబడి 22 మంది పోయారు, ఆ తర్వాతే షికారు పడవల్ని నిషేధించారు. లైఫ్ జాకెట్టు ఏదయ్యా అంటే నవ్వాడొకాయన. నీళ్ళు ఒడ్డు నుంచి చూసినా అవే నీళ్ళు. వంతెన మీద నిలబడితే అటు లైట్‌హౌస్, ఇటు వలలు, కొంగలు, అన్నీ కనపడతాయి.

ఇక భోజనం. ఒడ్డున బోర్డులున్న హోటళ్ళు రెండు చూసి, ఎండ్రకాయలు తూకం లెక్కన అంటే భయపడి సందులోకి పోయాం. ఒక ఇంటి ముందు తాటాకు పందిరి, నాలుగు బల్లలు. మా వచ్చీరాని తమిళం విని లోపలావిడ "మీరు తెలుగోళ్ళా నాయనా?" అంది. ఆమె పుట్టిల్లు ఇరకం దీవి. తడ దగ్గరి మన ఇరకమే, సరస్సు మధ్యలో. పడవలో వచ్చిన పెళ్ళికూతుర్ని అని చెప్పుకుంది. మడవ చేపల పులుసు పోసింది. మన పులుసులాగా మామిడికాయ లేదు, చిక్కటి చింతపండు, దంచిన మిరియం, పైన పచ్చి వెల్లుల్లి. నెల్లూరు చేపల పులుసుని మించింది లేదని ఊరంతా వాదించే మా మామగారు మూడోసారి అన్నం పెట్టించుకున్నారు. భోజనం 130, డ్రైవరుతో కలిపి ఐదుగురం, ఎండ్రకాయల వేపుడు 250, మొత్తం 900. డ్రైవరుకి మేము పెట్టక్కర్లేదు, బత్తా ఉంది. కానీ ఆమె వడ్డిస్తుంటే ఒక్కడినీ బయట కూర్చోబెట్టలేకపోయాం.

తిరుగుదారిలో మా ఆవిడ తాటాకు బుట్టలు మూడు కొంది, 380. ఇక్కడి ముస్లిం ఆడవాళ్ళు అల్లుతారు, రంగులు బాగున్నాయి. ఆదినారాయణ పెరుమాళ్ గుడి మధ్యాహ్నం మూసుంది, చూడలేదు. టీలు 60.

గుమ్మిడిపూండి దాటాక పాపకి వాంతి వచ్చేట్టుంటే కవరు కోసం నేను డ్యాష్‌బోర్డు తెరిచా. కవరు దొరికింది, దాంతో పాటు మడత పెట్టిన ఒక కాగితం. పర్మిట్టు. మామగారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. వారం రోజులకి, మొదలు గురువారం. మేమెక్కింది ఆదివారం. అంటే మూడు రోజుల ముందు ఎవరో కట్టిన పర్మిట్టు మీదే మమ్మల్ని తీసుకుపోయి మా దగ్గర మళ్ళీ వసూలు చేశాడు. మా తర్వాత బుధవారం దాకా ఇంకెంతమంది కట్టారో! డ్రైవరు "అది పాతది సార్" అన్నాడు. మామగారు ఫోటో తీసుకుని "మన తేదీ దాంట్లోనే ఉందయ్యా" అన్నారంతే. నెల్లూరు దాకా మళ్ళీ కిటికీ.

కాబట్టి సరిహద్దు దాటే కిరాయి కారు మాట్లాడితే, పర్మిట్టు ఎవరిదో వాట్సాప్‌లో రాయించుకోండి, కాగితం తేదీ చూశాకే డబ్బు తియ్యండి. అసలు కారే వద్దనుకుంటే సూళ్లూరుపేటలో మద్రాసు లోకల్ ఎక్కి పొన్నేరిలో దిగండి, అక్కడి నుంచి బస్సులున్నాయి. మాకు మొత్తం 8,280 అయింది. అలా పోయుంటే సగంలో సగం కూడా కాదు.

సోమవారం ఓనరు ఫోనెత్తాడు. ఫోటో పంపితే కాసేపు తప్పంతా డ్రైవరు మీదికి తోసి, ఫోన్‌పేలో 700 వేశాడు. మిగతా 700 శుక్రవారం అన్నాడు. మామగారు క్యాలెండర్లో శుక్రవారం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు.