డాట్సన్ వెళ్లిపోయింది, కార్లు మిగిలాయి: సెకండ్ హ్యాండ్ రెడీ-గో, గో, గో ప్లస్ కొనొచ్చా?

రెండు లక్షల లోపు పాత కారు వెతికేవాళ్లకు ఎక్కడో ఒకచోట డాట్సన్ తగులుతుంది. రీడింగ్ తక్కువ ఉంటుంది, ఓనరు ఒక్కరే ఉంటారు, ధర చూస్తే అదే సంవత్సరం ఆల్టో కన్నా బాగా తక్కువ. ఆశ పుట్టేలోపే పక్కనున్నవాళ్లు అనేస్తారు: "ఆ కంపెనీ ఎత్తేశారు, స్పేర్లు దొరకవు, జోలికి పోకు." ఈ మాటలో సగం నిజం ఉంది. ఏ సగమో తెలిస్తే కొనాలా వద్దా, కొంటే ఎంతకు అన్నది మీకే తేలిపోతుంది.

డాట్సన్ అన్నది నిస్సాన్ వాళ్ల పాత పేరే. 1980ల్లో ఆ పేరు పక్కన పెట్టేసి, తక్కువ ధర కార్ల కోసం మళ్లీ తెస్తున్నామని 2012లో ప్రకటించారు. మన దేశంలో 2014 మార్చిలో గో వచ్చింది, ఢిల్లీ షోరూం ధర 3.12 లక్షలు. 2015 జనవరిలో మూడు వరసల గో ప్లస్, 2016 జూన్‌లో 2.38 లక్షలకు రెడీ-గో వచ్చాయి. 2020 నాటికి రష్యా, ఇండొనేసియాల్లో దుకాణం కట్టేశారు. 2022 ఏప్రిల్‌లో ఇక్కడ కూడా రెడీ-గో తయారీ ఆపేశామని చెప్పారు. గో, గో ప్లస్ అంతకు ముందే ఆగిపోయాయి. సర్వీసు, స్పేర్లు, వారంటీ మాత్రం నిస్సాన్ డీలర్ల దగ్గర కొనసాగుతాయన్నారు. పోయింది బ్రాండు. నిస్సాన్ ఇంకా ఇక్కడే మాగ్నైట్ అమ్ముతోంది. డాట్సన్లు తయారైన చెన్నై దగ్గరి ఒరగడం ప్లాంటూ నడుస్తోంది, అందులో నిస్సాన్ వాటాను రెనో కొంటున్నట్టు 2025 మార్చిలో ప్రకటించారు. ఊరు ఖాళీ చేసి వెళ్లిన కంపెనీ కారుకూ దీనికీ ఉన్న తేడా ఇదే.

ఎందుకు నిలబడలేదో తెలిస్తే ఏ మోడల్ వదిలేయాలో కూడా తెలుస్తుంది. మొదటి గోలో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లేదు, మ్యూజిక్ సిస్టం బదులు ఫోను పెట్టుకునే స్టాండు ఉండేది. హ్యాండ్‌బ్రేకు డ్యాష్‌బోర్డు కింద లాగాలి. ఆదా చేసిన ప్రతి రూపాయీ కొన్నవాడి కంటికి కనిపించేది. 2014 నవంబరులో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ క్రాష్ టెస్టులో పెద్దల భద్రతకు సున్నా స్టార్లు వచ్చాయి. బాడీ నిర్మాణమే నిలకడగా లేదు కాబట్టి ఎయిర్‌బ్యాగ్ పెట్టినా ఫలితం ఉండదన్నారు, ఈ కారును అమ్మకం నుంచి తీసేయమని నిస్సాన్ అధిపతికి ఉత్తరం కూడా రాశారు. 2019లో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న రెడీ-గోకు పెద్దల భద్రతలో ఒక స్టారు, పిల్లల భద్రతలో రెండు స్టార్లు దక్కాయి. కుటుంబాన్ని ఎక్కించుకుని హైవే మీద తిరగాలనుకునేవాళ్లకు 2018 అక్టోబరు ముందటి గో, గో ప్లస్ ఎంత చవకగా వచ్చినా వద్దనే చెబుతాం. ఆ నెలలో వచ్చిన కొత్త రూపంలో రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ అన్ని వేరియంట్లలో ఇచ్చారు, చక్రాలు 14 అంగుళాలకు పెరిగాయి.

ఇక స్పేర్ల సంగతి. రెడీ-గో ఇంజనూ గేర్‌బాక్సూ రెనో క్విడ్‌వి, ప్లాట్‌ఫాం కూడా అదే. 799 సీసీ ఇంజనుకు 54 పీఎస్, 999 సీసీకి 68 పీఎస్ పవరు. గో, గో ప్లస్‌లో ఉన్న 1198 సీసీ మూడు సిలిండర్ల ఇంజను నిస్సాన్ మైక్రా పెట్రోల్‌లో ఉన్నదే. అన్నిట్లోనూ టైమింగ్ చైనే కాబట్టి ఇన్ని వేల కిలోమీటర్లకు బెల్టు మార్చాలన్న ఖర్చు లేదు. ఫిల్టర్లు, ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిళ్లు, క్లచ్ సెట్టు, బ్రేక్ ప్యాడ్ల వంటివాటికి దిగులు పడక్కర్లేదు. స్పేర్ల షాపులో "రెడీ-గో" అంటే లేదనేవాడు "క్విడ్" అంటే తీసిచ్చిన సందర్భాలు చాలా ఉంటాయి. పాత పార్టు పట్టుకెళ్లి పక్కన పెట్టి పోల్చుకుని, నంబరు కూడా చూసుకుని కొనండి. క్విడ్‌లో 0.8 ఆగిపోయి 1.0 ఒక్కటే నడుస్తోంది కనుక, ముందు ముందు 1.0 రెడీ-గో నడిపేవాళ్లకే స్పేర్ల సుఖం ఎక్కువ.

పక్కింటివాళ్ల మాటలో నిజమైన సగం బయటి రేకులోనూ ప్లాస్టిక్‌లోనూ ఉంది. బంపర్లు, హెడ్‌లైట్లు, బానెట్, ఫెండర్లు, డిక్కీ తలుపు, అద్దాలు డాట్సన్‌వి డాట్సన్‌కే సరిపోతాయి. క్విడ్ హెడ్‌లైటు రెడీ-గోకు పట్టదు. పైగా రెడీ-గో ముఖం 2020లో మారింది, గో ముఖం 2018లో మారింది, కాబట్టి ఒకే పేరున్న కారుకే రెండు రకాల బంపర్లు. కొత్తవి ఆర్డరు పెట్టి వారాల తరబడి చూడాల్సి రావచ్చు. తొందరైతే పాత సామాను దొరికే చెన్నై పుదుపేటలోనో, విజయవాడ ఆటోనగర్ వైపో వెతుక్కోవాలి. అలా తెచ్చిన హెడ్‌లైటును చేతిలోకి తీసుకున్నప్పుడు అద్దం మెరుపు చూసి మోసపోకండి. వెనక్కి తిప్పండి. బాడీకి బోల్టు పట్టే ప్లాస్టిక్ చెవులు మూడు నాలుగు ఉంటాయి, మొదట విరిగేది అవే. విరిగిన చెవిని ఎంసీల్‌తో అతికించి నల్లరంగు కొడతారు. గోటితో గీకితే ఎంసీల్ గరుకుగా, మందంగా తగులుతుంది, అసలు ప్లాస్టిక్ నునుపుగా ఉంటుంది. అతికించిన చెవి గుంతల రోడ్డు మీద నెల తిరక్కుండా ఊడి, లైటు నేల చూపు చూస్తుంది.

అందుకే టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకముందే ఒక పని చేయండి. కారు ఛాసిస్ నంబరు రాసుకుని దగ్గర్లోని నిస్సాన్ సర్వీసు సెంటరులో స్పేర్ల కౌంటర్‌కు వెళ్లండి. ముందు బంపర్, ఎడమ హెడ్‌లైటు, బానెట్, ముందు అద్దం, వెనక లైటు, ఈ ఐదింటి ధర ఎంత, ఎన్ని రోజుల్లో వస్తాయి అని అడిగి కాగితం మీద రాయించుకోండి. సర్వీసు రికార్డు కూడా అక్కడే అడగండి, రీడింగ్ తిప్పారో లేదో బయటపడుతుంది. ఐదింటిలో రెండు "స్టాకు లేదు, ఎప్పుడొస్తుందో చెప్పలేం" అని వస్తే ఆ కాగితమే మీ బేరం.

దీనికీ ఇన్సూరెన్సుకూ ముడి ఉంది, పాత డాట్సన్ కొన్నవాళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. తయారీ ఆగిపోయిన మోడళ్లకు, ఐదేళ్లు దాటిన కార్లకు ఐడీవీ (కారు పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కగట్టే విలువ) ఎంత అన్నది కారు వయసును బట్టి తరుగుదల చూపే టేబుల్ ప్రకారం కాదు, మీకూ ఇన్సూరెన్స్ కంపెనీకీ మధ్య ఒప్పందం ప్రకారం. ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసేటప్పుడు ప్రీమియం తక్కువ కనిపించాలని ఐడీవీ అడుగున పెట్టి చూపిస్తారు. మీరు కళ్లు మూసుకుని కట్టేస్తారు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే ఆ కారును టోటల్ లాస్ (బాగుచేయడం దండగ, పూర్తిగా పోయినట్టే) కింద లెక్కిస్తారు. ఐడీవీ 1,50,000 అనుకుంటే ఆ గీత 1,12,500 దగ్గర ఉంటుంది, 1,00,000 అనుకుంటే 75,000 దగ్గరే. రేడియేటర్, ఏసీ కండెన్సర్, బంపర్, బానెట్, రెండు లైట్లు, ఎయిర్‌బ్యాగులు కలిసి పోయిన ఒక మోస్తరు గుద్దుడుకే చిన్న కారు ఆ గీత దాటేస్తుంది. ఇంజను నిక్షేపంగా ఉన్నా కారు తుక్కు లెక్కలోకి పోతుంది. కాబట్టి రెన్యువల్‌లో ఐడీవీని అనుమతించినంత పైకి జరపండి, ప్రీమియంలో పెరిగేది కొద్దిగానే. ఇంకో మాట, జీరో డిప్రిసియేషన్ (మార్చిన పార్టులకు తరుగుదల కోత లేకుండా చెల్లించే అదనపు కవరు) లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం డబ్బు మీ జేబులోంచే పోతుంది, అద్దానికి మాత్రం కోత ఉండదు. బదిలీ అయ్యాక 14 రోజుల్లో పాలసీని మీ పేరు మీదకు మార్చమని అడగడం మర్చిపోవద్దు. పాత ఓనరు పేరు మీద ఉన్న పాలసీతో మీ బండి డ్యామేజీకి క్లెయిం నిలబడదు.

కారు చూడ్డానికి పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా వెళ్లండి. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పండి. తాళం రెండో మెట్టుకు తిప్పి, స్టార్ట్ చేయకుండా మీటరు చూడండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, స్టీరింగ్, ఇంజను లైట్లు వెలగాలి. ఇంజను లైటు స్టార్ట్ చేశాక ఆరాలి, ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లకే ఆరాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టే. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి. ఎయిర్‌బ్యాగ్ పేలిపోయాక కొత్తది వేయకుండా, కవరు అతికించి లైటు కనెక్షన్ తీసేసి అమ్మే కార్లు మార్కెట్లో ఉన్నాయి.

మూడు సిలిండర్ల ఇంజను కనుక స్టార్ట్ అయినప్పుడు కొంత వణుకు సహజం. ఏసీ వేసి ఒక నిమిషం ఆగండి. స్టీరింగ్ నుంచి సీటు దాకా దడదడలాడితే ఇంజను మౌంటింగ్ పోయి ఉంటుంది, లేదా ఒక సిలిండరు పట్టట్లేదు. గోలో ఆగి ఆగి కుదుపులొస్తే మొదట కాయిళ్లు చూడాలి. ఒక్కో కాయిల్ పిన్ను ఊడదీసి చూస్తే, ఏది తీసినా ఇంజను శబ్దం మారాలి. ఏది తీసినప్పుడు మారదో లోపం ఆ సిలిండరులో ఉంది. గో ఇంజనుకు ఇంకో గుణం ఉంది. ఇంజనుకు గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ కడిగాక ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజను తిరిగే వేగం) పైకీ కిందికీ ఊగుతుంది. కారు కంప్యూటరుకు తగిలించే స్కానర్ పెట్టి ఐడిల్ లెర్నింగ్, అంటే ఆ వేగాన్ని మళ్లీ సెట్ చేయడం, చేయించాలి. అది తెలియని మెకానిక్ సెన్సర్లు ఒక్కొక్కటే మార్పించి బిల్లు పెంచుతాడు.

క్లచ్ చూడ్డానికి మూడో గేరులో 30 స్పీడులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. మోత పెరిగి బండి ముందుకు లాగకపోతే క్లచ్ సెట్టు ఖర్చు బేరంలో తీసేయండి. ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే) రెడీ-గో అయితే ఎత్తు మీద ఆపి కదిలించండి, ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు వెనక్కి లాగినట్టుంటే స్కానర్‌తో క్లచ్ సెట్టింగ్ చేయించి మళ్లీ నడిపి చూశాకే మాట్లాడండి. సీవీటీ (గేర్ల మెట్లు లేని ఆటోమేటిక్) గోలో నిస్సాన్ చెప్పిన ఆయిలే ఉండాలి. మామూలు గేర్ ఆయిల్ పోసిన బాక్సు జారిపోతుంది, దాన్ని బాగుచేయించే ఖర్చు కారు విలువకు దగ్గరగా వస్తుంది.

పెట్రోల్ పైపుల దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి. 2016లో 932 రెడీ-గోలను ఫ్యుయల్ పైపు క్లిప్పు తనిఖీ కోసం వెనక్కి పిలిచారు. ఆ ఏడాది కారైతే ఆ పని జరిగిందో లేదో ఛాసిస్ నంబరుతో సర్వీసు సెంటరులో తెలుస్తుంది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, ఈ కార్లు దానికోసం తయారైనవి కావు. రబ్బరు పైపులు ఉబ్బినా, పగుళ్లు కనిపించినా మార్చేయండి, అదేం పెద్ద ఖర్చు కాదు. మైలేజీ కూడా కంపెనీ చెప్పిన అంకెలకు కిందనే ఉంటుందని లెక్కేసుకోండి. రెడీ-గో ట్యాంకు 28 లీటర్లే.

టైర్ల పక్కన నాలుగంకెల తేదీ చదవండి. 3219 అంటే 2019లో 32వ వారం. రెడీ-గో చక్రానికి మూడే నట్లు ఉంటాయి, నాలుగు నట్ల అల్లాయ్ చవకగా వస్తుందని తీసుకుంటే పట్టదు.

మంచి మాట కూడా చెప్పాలి. 185 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు, ఎత్తైన సీటు వల్ల రెడీ-గో పల్లె రోడ్ల మీదా, కాలనీ స్పీడు బ్రేకర్ల మీదా చక్కగా నడుస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వంగకుండా ఎక్కి దిగొచ్చు. టౌనులో ఇరుకు సందుల్లో తిప్పడం హాయి. గో ఇంజనులో సత్తువ ఉంది, నలుగురితో ఏసీ వేసుకుని వెళ్లినా నీరసపడదు. గో ప్లస్ మూడో వరస మాత్రం పిల్లలకే. అది ఎత్తి ఉంచితే వెనక 48 లీటర్ల చోటు, అంటే రెండు చేతి సంచులు. ఏడుగురి కారని చెప్పి అమ్మితే నమ్మకండి.

మేం కొనమని చెప్పేది ఒక్కటే: 2020 తర్వాతి 1.0 రెడీ-గో, మాన్యువల్ గేర్లది, రెండు ఎయిర్‌బ్యాగులున్న వేరియంటు. తిరుగుడు టౌనుకూ చుట్టుపక్కలకూ పరిమితమై ఉండాలి. దగ్గర్లో యాభై అరవై కిలోమీటర్ల లోపు నిస్సాన్ సర్వీసు లేకపోతే అదీ వద్దు. ధర కోసం అదే ఏడాది, అదే రీడింగ్ క్విడ్ 1.0 ధర తీసుకుని, అందులోంచి కనీసం ఐదో వంతు తగ్గించి అక్కడి నుంచి బేరం మొదలెట్టండి. రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాడు కూడా ఇలాగే తగ్గించి అడుగుతాడు. ఐదారేళ్లు వాడుకునే ఉద్దేశం లేకపోతే ఆ నష్టం తిరిగి రాదు.

కొన్న వారంలో ఒక ఎడమ హెడ్‌లైటు, రెండు సైడ్ అద్దాలు, దొరికితే ముందు బంపర్ కొని ఇంట్లో పెట్టుకోండి. హెడ్‌లైటును అట్టపెట్టెలోనే ఉంచి, ఎండ తగలని చోట, దాని మీద బరువు పెట్టకుండా నిలబెట్టండి.