జన్‌ధన్ ఖాతా: వేధింపుల ఇల్లు విడిచిన మహిళకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

2014 ఆగస్టు 28న మొదలైన జన్‌ధన్ ఖాతా గురించి చెప్పేటప్పుడు కనీస నిల్వ అక్కరలేదని, రూపే కార్డు ఉచితమని చెప్పి ఊరుకుంటారు. కర్నూలు జిల్లాలో భర్త వేధింపులు భరించలేక పుట్టింటికో అక్కాచెల్లెళ్ల ఇంటికో చేరిన మహిళలను బ్యాంకుకు తీసుకువెళ్లే పనిలో కొంతకాలంగా ఉన్నాను. కనుక వారి అవసరం ఒక్కదానినే కొలతగా పెట్టుకుని ఈ సేవను పరిశీలిస్తున్నాను.

ముందుగా మెచ్చుకోవలసింది, కాగితాలు లేకపోయినా ఖాతా ఇచ్చే వెసులుబాటు. కట్టుబట్టలతో బయటపడిన మనిషి ఆధార్, రేషన్ కార్డు అత్తవారింటి బీరువాలోనే ఉండిపోతాయి. అలాంటప్పుడు తన ఫొటో ఇచ్చి, బ్యాంకు అధికారి ఎదుట సంతకమో వేలిముద్రో వేస్తే ‘చిన్న ఖాతా’ తెరవాలి. దానిలో నిల్వ 50,000 రూపాయలు, ఏడాది జమలు లక్ష, నెలకు తీసుకునేది 10,000 దాటకూడదు. గుర్తింపు పత్రానికి దరఖాస్తు చేసినట్టు చూపిస్తే ఈ ఖాతాకుండే 12 నెలల గడువును మరో 12 నెలలు పొడిగిస్తారు. ఈ నిబంధన ఉన్నదనే సంగతి కౌంటర్లో కూర్చున్నవారికే తెలియకపోవడం వేరే విషయం. ఒక శాఖలో అయితే, భర్త సంతకం లేనిదే కుదరదని మాతో వచ్చిన ఒకామెను తిప్పి పంపారు. అలాంటి నియమం ఎక్కడా లేదు.

ఆధార్ అనుసంధానమైన ఖాతాకు మరో సౌకర్యం ఉంది. కార్డు భర్త జేబులో ఉన్నా, బ్యాంకు మిత్ర (బ్యాంకు తరఫున ఊళ్లో డబ్బు ఇచ్చి పుచ్చుకునే ప్రతినిధి) దగ్గర వేలిముద్ర వేసి డబ్బు తీసుకోవచ్చు. ఆదోని, కోసిగి వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు వెళ్లే కూలీలకు అక్కడ కూడా ఇది పనిచేస్తుంది.

అసలు చిక్కు ఫోన్ నంబరుతో వస్తుంది. చాలామంది ఖాతాలకు ఇచ్చిన నంబరు భర్తదే. ఆమె ఎక్కడ, ఎప్పుడు, ఎంత తీసుకున్నదీ సందేశం రూపంలో అతని చేతికి చేరుతుంటే ఆ ఖాతా ఆమెదని ఎలా అంటాం? కొత్త సిమ్ కొనుక్కుని నంబరు మార్పించనిదే ఒక్క రూపాయి కూడా అందులో వేయవద్దని నా సలహా. పాత ఉమ్మడి ఖాతాలో ‘ఇద్దరిలో ఎవరైనా’ అనే షరతు ఉంటే అతను మొత్తం ఊడ్చుకుపోవచ్చు కాబట్టి, ఆ ఖాతా ఉన్నా విడిగా ఇంకొకటి తెరవక తప్పదు.

కొత్త ఖాతా తెరిచినంత మాత్రాన ప్రభుత్వ సొమ్ము దానిలోకి రాదు. జనం ‘ఎన్‌పీసీఐ లింకు’ అని పిలిచే ఆధార్ అనుసంధానం చివరిగా ఏ బ్యాంకుతో జరిగిందో, గ్యాస్ రాయితీ అయినా తల్లికి వందనం అయినా అక్కడికే వెళుతుంది. ఆ లింకును మార్చమని విడిగా రాసివ్వాలి. ఈ సంగతిని ఖాతా తెరిచే రోజున బ్యాంకువారే చెప్పి ఉంటే ఎంతో ఇబ్బంది తప్పేది. ఈ సేవలో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే.

ఇన్ని లోపాలున్నా ఈ ఖాతా తెరవమనే చెబుతాను. హక్కుగా రావలసిన డబ్బును, స్త్రీధనాన్ని దక్కనివ్వకపోవడం కూడా హింసేనని 2005 నాటి గృహహింస చట్టం గుర్తించింది. దాని 20వ సెక్షన్ కింద, డబ్బు చెల్లించమన్న ఉత్తర్వును భర్త పాటించకపోతే, అతని జీతంలో కొంత భాగాన్ని నేరుగా భార్యకే ఇవ్వమనో కోర్టులో జమ చేయమనో అతని యజమానిని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. ఆ సొమ్ము వచ్చిపడటానికి ఆమె ఒక్కతే తీయగలిగిన ఖాతా ముందే సిద్ధంగా ఉండాలి.

10,000 రూపాయల వరకు ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో డబ్బు లేకపోయినా తీసుకోగల అప్పు, ఇస్తామని ప్రకటనలో పెద్ద అక్షరాలతో రాస్తారు కానీ, ఖాతాను ఆరు నెలలు సక్రమంగా నడిపిన తరువాతే ఆ మాట ఎత్తుతారు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా బయటికొచ్చిన మొదటి వారంలో దానిని నమ్ముకోకూడదు.