గ్వాంగ్‌జౌ ఏపీఎం లైన్: రెండు స్టేషన్లకైతే నడవండి, నది దాటాలంటే ఎక్కండి

చైనాలోని గ్వాంగ్‌జౌలో, జూజియాంగ్ న్యూ టౌన్ అనే ఆఫీసుల ప్రాంతం కింద డ్రైవర్ లేకుండా తిరిగే ఈ ఏపీఎం (ఆటోమేటెడ్ పీపుల్ మూవర్) రైలును మెట్రో అనుకుని ఎక్కితే నిరాశే. లైన్ మొత్తం 3.9 కిలోమీటర్లు, 9 స్టేషన్లు. అంటే స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య సగటున అర కిలోమీటరు. పక్కకి నడిచే లిఫ్ట్ అనుకుంటే సరిపోతుంది. కిందికి దిగి, బ్యాగు స్కానింగ్ చేయించుకుని, గేటు దాటి, రైలు వచ్చేదాకా నిలబడి, మళ్లీ పైకెక్కే లోపు ఒకటి రెండు స్టేషన్ల దూరం నడిచే వెళ్లిపోవచ్చు. వాన పడుతుంటే మాత్రం వేరే సంగతి.

అసలు ఉపయోగమంతా ఈ చివర నుంచి ఆ చివరకి. లిన్‌హెసీ నుంచి కాంటన్ టవర్‌కి మెట్రో 3వ లైన్లోనూ పోవచ్చు, ఆగే స్టేషన్లూ తక్కువే. కానీ దారిలో తీయు సీలూ జంక్షన్ తగులుతుంది. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. ఏపీఎం ఆ జంక్షన్‌ని తప్పించి, పెర్ల్ నది కిందుగా నేరుగా టవర్ దగ్గర దింపుతుంది.

టికెట్ ఎక్కడికైనా 2 యువాన్లే. మెలిక ఏమిటంటే, లిన్‌హెసీలో గానీ కాంటన్ టవర్‌లో గానీ 3వ లైన్‌కి మారాలంటే గేటు బయటికి వచ్చి మళ్లీ డబ్బు కట్టాలి. టోకెన్ కొన్నవాళ్లకి ఇదే చిరాకు: దిగేచోట గేటు దాన్ని మింగేస్తుంది, ఇంకోదాని కోసం మళ్లీ మెషీన్ దగ్గర క్యూ. ఫోన్లో క్యూఆర్ కోడ్ గానీ యాంగ్ చెంగ్ టోంగ్ అనే ఇక్కడి రవాణా కార్డు గానీ ఉంటే ఈ బాధ లేదు.

రైలుకి రెండే పెట్టెలు, వాటి మధ్య దారి లేదు. ముందుది కిక్కిరిసి ఉంటే లోపల్నుంచి వెనక్కి జరగలేరు, ప్లాట్‌ఫారం మీదే చూసుకోవాలి. కాంక్రీట్ మీద రబ్బరు టైర్లతో నడుస్తుంది కాబట్టి ఇనుప చక్రాల కీచు ఉండదు, కుదుపు మాత్రం ఉంటుంది. సీట్లు కొన్నే, రాడ్ పట్టుకోక తప్పదు. డ్రైవర్ క్యాబిన్ లేదు కనుక ముందు అద్దం ప్రయాణికులదే. పిల్లలు అక్కడినుంచి కదలరు.

పేర్లతో జాగ్రత్త. జూజియాంగ్ న్యూ టౌన్ అనే స్టేషన్ 3, 5 లైన్లది, ఏపీఎంలో ఆ పేరే లేదు. దానికి దగ్గర్లో ఉన్నది హువాచెంగ్ దాదావ్, మధ్యలో భూగర్భ మాల్ గుండా నడక. జాహా హదీద్ డిజైన్ చేసిన ఒపేరా హౌస్‌కి, దాని ఎదుట ఉన్న గ్వాంగ్‌డాంగ్ మ్యూజియంకి ఒపేరా హౌస్ స్టేషన్లో దిగాలి.

కాంటన్ ఫెయిర్ అనే వాణిజ్య మేళాకి వచ్చే మనవాళ్లు లిన్‌హెసీ ఉన్న తియెన్‌హె వైపు హోటల్ తీసుకుంటే ఈ దారి పనికొస్తుంది: ఏపీఎంలో కాంటన్ టవర్, అక్కడ గేటు దాటి 3వ లైన్లో ఒక్క స్టేషన్ వెళితే కెచున్, అక్కడ 8వ లైన్ ఎక్కితే మేళా జరిగే పాజౌ. శాంపిళ్ల పెట్టెలతో ఉన్నవాళ్లకి మాత్రం చెప్పను. ఇన్ని మార్పులు వాటితో పడలేరు, టాక్సీయే నయం.

లైట్ ఫెస్టివల్ లాంటి పెద్ద రాత్రుల్లో జనం పెరిగితే ఒపేరా హౌస్, హైషిన్‌షా లాంటి చోట్ల రైలు ఆగకుండా పోవచ్చు. స్టేషన్ ముందు పెట్టిన నోటీసు చూసుకునే లోపలికి వెళ్లండి. అలాంటి రోజు హువాంగ్‌పు దాదావ్‌లో దిగి దక్షిణంగా నడవడమే మేలు.