ఎనిమిదేళ్లు గాలి మీద నిలబడిన బండి: ఎయిర్ సస్పెన్షన్ వాడకం, అరుగుదల

రెండు నెలలుగా కదలని బండి 2020 మే నెలలో మా సెల్లార్‌లో నేలకు అతుక్కుపోయినట్టు కూర్చుని ఉంది. టైర్లలో గాలి తగ్గలేదు. కానీ టైరుకూ పైనున్న ఫెండర్ అంచుకూ మధ్య మామూలుగా అరచేయి నిలువుగా పట్టే చోట ఆ రోజు రెండు వేళ్లు కూడా దూరలేదు. ఇంజను స్టార్ట్ చేయగానే ముందుగా వెనుక భాగం, ఆ తరువాత ముందు భాగం మెల్లగా లేవడం మొదలై, సగం ఎత్తులోనే ఆగిపోయి, డ్యాష్‌బోర్డు మీద సస్పెన్షన్‌లో లోపం ఉన్నట్టు పసుపు దీపం వెలిగింది. బండి నా దగ్గరికి వచ్చి అప్పటికి మూడేళ్లు. దానికి ఇనుప స్ప్రింగులు లేవనీ, నాలుగు మూలలా రబ్బరు గాలి సంచుల మీదే నిలబడుతుందనీ తెలుసు గానీ, ఆ గాలి ఎలా వస్తుందో, ఎటు పోతుందో ఆలోచించవలసిన అవసరం అంతవరకు రాలేదు.

ఇది 2014లో తయారైన, రెండున్నర టన్నుల డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి. 2017లో 38,000 కిలోమీటర్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను; ఇప్పుడు మీటరు 1,42,000 చూపిస్తోంది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది ఒక కంపెనీ గురించి కాదు, ఈ ఏర్పాటు గురించి.

ఆర్టీసీ గరుడ వోల్వో బస్సు ఎక్కినవారికి ఈ గాలి సంచుల సుఖం తెలిసే ఉంటుంది. అయితే బస్సులో బ్రేకులకు ఎలాగూ గాలి కావాలి కనుక ఇంజనే గాలిని నొక్కి నింపే పెద్ద కంప్రెసర్‌ను నిరంతరం తిప్పుతూ ఉంటుంది. మా బండిలో ఆ పని చేసేది బ్యాటరీ మీద నడిచే, రెండు పిడికిళ్లంత కంప్రెసర్ మోటారు. అది కొద్ది నిమిషాలు నడిచి ఆగడానికి తయారైనదే తప్ప అదే పనిగా నడవడానికి కాదు. దాని పక్కన గాలిలోని తేమను పీల్చే గుళికల డబ్బా, గాలిని నిల్వ ఉంచే చిన్న సిలిండరు, ఏ మూలకు ఎంత గాలి పోవాలో తెరిచి మూసే వాల్వ్ బ్లాక్, ప్రతి చక్రం దగ్గర ఎత్తు కొలిచే సెన్సర్, వీటన్నిటినీ నడిపే కంప్యూటర్ ఉంటాయి. 1970లో వచ్చిన మొదటి రేంజ్ రోవర్‌లోనూ వెనుక ఇరుసు మీద ఎత్తు సరిచేసే యూనిట్ ఒకటి ఉండేది; బండి కదలికే పంపులా పని చేసి, బరువుకు కుంగిన వెనుక భాగాన్ని కొంత దూరం పోయేసరికి లేపేది. అది పాడైనా అసలు బరువు మోసే ఇనుప స్ప్రింగులు అక్కడే ఉండేవి. 1992లో అదే బండికి ఎలక్ట్రానిక్ ఎయిర్ సస్పెన్షన్ వచ్చినప్పుడు ఆ స్ప్రింగులు పోయాయి. నేటి బండ్లలోనూ అంతే, గాలి పోతే మోసేది రబ్బరు స్టాపులే.

మంచి మాట ముందు చెప్పాలి. మా సొంత ఊరు అమలాపురం దగ్గర. సంక్రాంతికి వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు ఐదుగురు మనుషులు, నాలుగు బియ్యం బస్తాలు, రెండు గోతాల కొబ్బరికాయలు, అమ్మ కట్టిచ్చిన పచ్చళ్ల జాడీలు కలిసి అయిదు వందల కిలోలు దాటుతాయి. పాత బండిలో ఇంత బరువు వేస్తే వెనుక భాగం కుంగి, హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల మీద పడేవి, రావులపాలెం దాటకముందే వెనుక సీటులో ఎవరికో ఒకరికి కడుపులో తిప్పేది. ఇందులో డిక్కీ మూసి స్టార్ట్ చేస్తే వెనుక భాగం చిన్న బుసతో లేచి సమమవుతుంది, హైదరాబాద్ దాకా ఖాళీ బండి ఎలా నడుస్తుందో ఇంచుమించు అలాగే నడుస్తుంది. ఇనుప స్ప్రింగు గట్టిదనం బరువును బట్టి మారదు, అందుకే బరువు పెరిగినకొద్దీ బండి పడవలా ఊగుతుంది. గాలి సంచిలో మాత్రం బరువుకు తగ్గట్టు ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడితో పాటు గట్టిదనమూ దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది, కనుక ఊగే తీరు మారదు. నా దృష్టిలో ఈ ఏర్పాటుకు పెట్టే డబ్బంతా ఈ ఒక్క గుణానికే; మెత్తదనం కోసం కొనేవాళ్లు పొరబడుతున్నారు.

ఎందుకంటే ఆ మెత్తదనం అందరూ అనుకున్నంత ఉండదు. హైవే మీద పెద్ద అలల్లాంటి ఎత్తుపల్లాలను అది చక్కగా మింగేస్తుంది గానీ, పదునైన అంచున్న గుంతలో చక్రం పడితే దెబ్బ లోపలికి తెలుస్తుంది. బండితో వచ్చిన 20 అంగుళాల చక్రాలు తీసి, పక్కగోడ ఎత్తున్న టైర్లతో 18 అంగుళాలవి వేయించిన తరువాత కలిగిన సుఖం, సస్పెన్షన్‌లో ఏ భాగం మార్చినా కలగలేదు.

వేసవిలో గోదావరి లంకల వైపు ఇసుక బాటల్లో నడిపేటప్పుడు ఎత్తు పెంచే మీట నిజంగా ఆదుకుంటుంది. నాలుగు మూలలూ సుమారు అయిదు సెంటీమీటర్లు లేస్తాయి. గాడిలో మధ్యనున్న ఇసుక కట్ట అడుగు భాగానికి తగలదు. ఒక చక్రం పైకి, ఒకటి కిందికి పోయిన చోట ఎడమ, కుడి సంచుల మధ్య గాలిదారి తెరుచుకుని, కిందికి పోయిన చక్రం నేలను వదలకుండా చూస్తుంది. అయితే లేచిన ఎత్తులో చక్రం ఇంకా కిందికి జారడానికి మిగిలే దూరం తక్కువ కనుక, చిన్న గోతిలో దిగినా టక్కుమని తగులుతుంది. కొత్తగా నడిపేవాళ్లు అది ఏదో విరిగిన చప్పుడనుకుని బెదిరిపోతారు. ఇంకో సంగతి అనుభవం మీద తెలిసింది. బండి లేచినప్పుడు రబ్బరు సంచి మడత విప్పుకుంటుంది, ఆ విప్పుకున్న భాగానికి ఇసుక, బురద అంటుతాయి, బండిని దించగానే అవి మడతలోకి చుట్టుకుపోయి లోపల ఆకురాయిలా పని చేస్తాయి. అందుకే ఇసుకలోంచి వచ్చిన రోజు, దించకముందే, ప్రెషర్ పంపుతో కాకుండా మామూలు నీళ్ల గొట్టంతో ఆ నాలుగు చోట్లా కడుగుతాను.

ఇక 2020 నాటి పసుపు దీపం సంగతి. సర్వీస్ సెంటరులో కంప్యూటర్ పెట్టి చూసి కంప్రెసర్ పోయిందన్నారు, మార్చారు, 92,000 రూపాయలు తీసుకున్నారు. అది ఎందుకు పోయిందని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఏడాది తిరగకముందే, ఎండాకాలం మధ్యాహ్నాల్లో, సస్పెన్షన్ చల్లబడే దాకా ఆగమన్న సూచన రాసాగింది. ఈసారి నగర శివార్లలో, ఇలాంటి బండ్లే చూసే ఒక చిన్న షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ పాత కంప్రెసర్ ఉంటే తెమ్మన్నాడు. నేను దాన్ని పారేయలేదు. గుళికల డబ్బా విప్పి బోర్లిస్తే సుద్దపొడి లాంటిది రాలింది, కొన్ని గుళికలు తడిసి ముద్దై ఉన్నాయి. పిస్టన్ చుట్టూ ఉండే రింగు ఒక వైపు కాగితమంత పలచబడింది. "ఇది ఊకెనే పోలే సార్, లీకు చంపింది దీన్ని" అన్నాడు.

ఆ లీకు మూడేళ్లు నాకు కనబడకుండా దాక్కోవడానికి కారణం బండి తెలివితేటలే. ఆపి ఉంచిన బండిలో కూడా కంప్యూటర్ కొన్ని గంటలకోసారి మేలుకుని నాలుగు ఎత్తులూ చూసుకుంటుంది. ఇంజను ఆగి ఉండగా కంప్రెసర్‌ను నడపకూడదు కనుక, కుంగిన మూలను లేపే బదులు మిగిలిన మూడింటి గాలి వదిలి ఆ మట్టానికి దించేస్తుంది. లీకు ఒక మూలన ఉన్నా తెల్లారేసరికి బండి నాలుగు మూలలా సమంగా దిగి ఉంటుంది. చూసేవారు చల్లదనానికి కాస్త దిగిందేమో అనుకుంటారు. షెడ్డు మెకానిక్ ఆ సాయంత్రం సస్పెన్షన్ కంప్యూటర్ ఫ్యూజు పీకేసి, చక్రం మధ్య నుంచి పై అంచు దాకా టేపు పెట్టి నాలుగు చోట్లా కొలిచి, సుద్దముక్కతో నేల మీద రాశాడు. మర్నాడు ఉదయం మళ్లీ కొలిస్తే మూడు మూలలు రెండేసి మిల్లీమీటర్లు దిగాయి, ముందు ఎడమ మూల 31 మిల్లీమీటర్లు దిగింది. ముందు సంచుల మీద అల్యూమినియం తొడుగు ఉంటుంది కనుక పగులు కంటికి కనబడదు. సబ్బునీళ్లు చల్లి చూస్తే తొడుగు కింది అంచు నుంచి ఆవగింజలంత బుడగలు వరసగా పొంగాయి.

ఆ బుడగల వెంట పోయే గాలి చాలా తక్కువ. కానీ ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా, స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా కంప్రెసర్ ఆ కొంచెం గాలినీ మళ్లీ నింపాలి. రోజుకు మూడు నిమిషాలు నడవవలసిన మోటారు అరగంట నడుస్తుంది, వేడెక్కుతుంది, రింగు అరుగుతుంది, ఆరడానికి సమయం దొరకని గుళికలు తేమతో నిండిపోతాయి, ఆ తేమ వాల్వ్ బ్లాకులోకి పోయి తుప్పు పట్టిస్తుంది. సంచి మారిస్తే పోయేదానికి కంప్రెసర్ మార్చాను, కొత్త కంప్రెసర్‌నూ అదే దారిలో పెట్టాను. వెలిగిన దీపాన్ని బట్టి భాగం మార్చడం ఈ బండ్లలో అన్నిటికంటే ఖరీదైన పద్ధతి.

2021లో, 74,000 కిలోమీటర్ల దగ్గర, ముందు స్ట్రట్లు రెండూ మార్పించాను. వీటిలో షాక్ అబ్జార్బరు, గాలి సంచి ఒకే దిమ్మగా ఉంటాయి కనుక ఏది పోయినా మొత్తం కొనాలి. రెండింటికీ కలిపి లక్షా పది వేలయింది. వెనుక సంచులు విడిగా ఉంటాయి, 2023లో 1,05,000 దగ్గర మడత చుట్టూ సన్నని పగుళ్లు కనబడగానే, లీకు మొదలవకముందే మార్చేశాను, ఒక్కోటి 18,000. అదే రోజు వాల్వ్ బ్లాకు దగ్గర ఒక గొట్టం చివర కూడా కారుతోందని తేలింది. మునుపెవరో దాన్ని వాలుగా కోసి ఇత్తడి రింగులో దూర్చారట. ఒక సెంటీమీటరు నిటారుగా కోసి మళ్లీ బిగిస్తే సరిపోయింది, ఖర్చు లేదు.

మిగిలినవి చిన్నవి. ఎత్తు సెన్సర్‌ను ఇరుసుకు కలిపే కడ్డీ కీళ్లు కోనసీమ తేమకు తుప్పు పట్టి బిగుసుకుపోయి, 2024లో వెనుక కుడి మూల వంకరగా లేచింది. కడ్డీ మార్చి, కొలతలు మళ్లీ లాప్‌టాప్‌తో ఎక్కించారు. చక్రాన్ని బండికి కలిపే కింది ఆర్ముల రబ్బరు బుష్షులు రెండుసార్లు పోయాయి గానీ అది గాలి తప్పు కాదు, బండి బరువు తప్పు. లీకు ఉన్న రోజుల్లో బండి ఎక్కువ సమయం కొంత దిగి నడిచినందువల్ల ముందు టైర్లు లోపలి అంచున నున్నగా అరిగాయి, దానికి కారణం అప్పట్లో ఎలైన్‌మెంట్ షాపుకు అంతుబట్టలేదు.

టైరు మార్చేటప్పుడు సస్పెన్షన్‌ను ఆపే పద్ధతి పాటించడం, స్టాండ్లు పెట్టకుండా బండి కింద తల పెట్టకపోవడం మాత్రం తప్పనిసరి. గాలి ఒక్క క్షణంలో పోగలదు, ఆపి ఉన్న బండి కూడా తనంతట తాను దిగగలదని పైన చెప్పాను.

గాలి సంచులు తీసేసి ఇనుప స్ప్రింగులు వేయించుకోమని, ఒకేసారి డెబ్బై ఎనభై వేలతో తలనొప్పి పోతుందని చెప్పేవాళ్లు ఇద్దరు ముగ్గురు తగిలారు. ఏడాదంతా ఒక్కరే ఆఫీసుకు నడుపుకునేవారికి అది సబబైన సలహాయే. సంక్రాంతి గోతాలు, లంక ఇసుక ఉన్నంతకాలం నాకు కాదు. సంచులను టైర్లలాగే అరిగే వస్తువుల కింద లెక్క వేసుకుని, ఆరేడేళ్లకోసారి మార్చే డబ్బు పక్కన పెట్టుకుంటున్నాను. టేపు, సుద్దముక్క గ్లవ్ బాక్సులోనే ఉంటాయి, మూడు నెలలకోసారి ఫ్యూజు పీకి రాత్రంతా ఉంచుతాను. పోయిన ఆదివారం కొలతలో మూడు మూలలు రెండు మిల్లీమీటర్ల లోపే ఉన్నాయి, ముందు కుడి మూల మాత్రం ఏడు దిగింది. దీపం ఇంకా వెలగలేదు. స్ట్రట్‌కు ఆర్డరు ఇచ్చేశాను.